ఆగగలిగిన సరుకు, ఆగలేని సరుకు: కోవిడ్ ఆంక్షల దెబ్బ ఎవరికి ఎంత?

నెదర్లాండ్స్‌లోని ఆల్స్‌మేర్‌లో పూల వేలం తిరగేసిన పాటలా సాగుతుంది. ధర పైనుంచి కిందికి దిగుతూ వస్తుంది. గిట్టుబాటు అనిపించిన చోట ఎవరు ముందు మీట నొక్కితే పూలు వారివి. 2020 మార్చి మధ్యలో ఆ ధర దిగుతూనే పోయింది, మీట నొక్కేవాళ్లే కరవయ్యారు. యూరప్ దేశాలు ఒకదాని వెంట ఒకటి దుకాణాలు మూయించాయి. పెళ్లిళ్లు, సభలు, విందులు ఆగిపోయాయి. ఏడాది మొత్తంలో పూలకు గిరాకీ ఎక్కువగా ఉండే వసంతకాలంలో తులిప్‌లు, గులాబీలు లక్షల సంఖ్యలో చెత్తలోకి పోయాయి. యూరప్‌కు గులాబీలు పంపే కెన్యాలోని నైవాషా తోటల్లో కూలీలను ఇళ్లకు పంపేశారు.

పువ్వుకు రేపు లేదు. కోవిడ్ ఆంక్షలు ఏ పరిశ్రమను ఎంత దెబ్బతీశాయో తెలియాలంటే ఆ పరిశ్రమ ఎంత పెద్దది, ఎన్నాళ్లు మూతపడింది అని లెక్కవేయడం కన్నా, ఈ రోజు అమ్ముడుపోనిది రేపు అమ్ముడవుతుందా అని అడగడం మేలు. జవాబు ‘అవుతుంది’ అయిన చోట పోయింది కొన్ని నెలల వ్యాపారమే. ‘కాదు’ అయిన చోట పోయింది మళ్లీ రాలేదు.

మొత్తం మీద నష్టం చిన్నది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చి 11న కోవిడ్‌ను ప్రపంచ మహమ్మారిగా పేర్కొంది. ఆ ఏడాది ప్రపంచ ఆర్థిక వ్యవస్థ సుమారు 3 శాతం కుంచించుకుపోయింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ లెక్క ప్రకారం 2020లో ప్రపంచవ్యాప్తంగా 8.8 శాతం పని గంటలు పోయాయి. అంటే 25.5 కోట్ల పూర్తికాలపు ఉద్యోగాలతో సమానం, 2009 ఆర్థిక సంక్షోభంలో పోయినదానికి దాదాపు నాలుగు రెట్లు. అయితే ఇవన్నీ సగటు లెక్కలు. ఒకరు మునిగి మరొకరు తేలినప్పుడు సగటు చూస్తే నీళ్లు మోకాలి లోతే కనిపిస్తాయి.

ఖాళీ సీటుకు బాకీ తీరదు

విమానం సీటు, హోటల్ గది, సినిమా హాలు కుర్చీ మూడూ పువ్వు లాంటివే. నిన్న ఖాళీగా ఎగిరిన సీటును ఇవాళ రెండుసార్లు అమ్మలేరు. సెలవుకు వెళ్లలేకపోయిన కుటుంబం మరుసటి ఏడాది వెళ్తుందేమో గానీ, రెండు సెలవులు కలిపి రెండు గదులు తీసుకోదు. అందుకే అన్నిటికంటే లోతైన గొయ్యి ఇక్కడే పడింది. 2019లో 146 కోట్ల వరకు ఉన్న అంతర్జాతీయ పర్యాటకుల రాకపోకలు 2020లో 40 కోట్ల స్థాయికి పడిపోయాయి. విమాన ప్రయాణాల పరిమాణం మూడింట రెండు వంతులు తగ్గింది. మార్చి చివర్లో సరిహద్దులు మూసి జులై 15న తెరిచిన మాల్దీవుల ఆర్థిక వ్యవస్థ ఒక్క ఏడాదిలో దాదాపు మూడో వంతు కరిగిపోయింది. మకావు కాసినోల రాబడి 79 శాతం పడిపోయింది. ఒకే ఒక్క పరిశ్రమ మీద నిలబడ్డ చోట్ల ఇవి. అక్కడ పర్యాటకులు రాకపోతే కూరగాయల వ్యాపారి దగ్గర్నుంచి ప్రభుత్వ ఖజానా దాకా అందరికీ పస్తే.

రాబడి లేకపోతే పోయింది, ఖర్చూ ఆగిందా అంటే అదీ లేదు. ఆస్ట్రేలియాలోని ఆలిస్ స్ప్రింగ్స్, స్పెయిన్‌లోని టెరువెల్ లాంటి పొడి ప్రాంతాల్లో విమానాలను బారులుగా నిలబెట్టారు. కారును షెడ్డులో పెట్టి తాళం వేసినట్టు విమానాన్ని వదిలేయడం కుదరదు. ఇంజిన్లకు, వేగం కొలిచే సన్నని గొట్టాలకు మూతలు బిగించాలి, లేదంటే పురుగులు గూళ్లు పెడతాయి. ఒకే చోట బరువు పడి టైర్లు పాడవకుండా చక్రాలను అప్పుడప్పుడూ తిప్పాలి. వీటన్నిటికీ మెకానిక్‌లు కావాలి, వాళ్లకు జీతాలు కావాలి. లీజు వాయిదాలు వేరే. విమానయాన సంస్థల సంఘం ఐఏటీఏ లెక్కలో 2020 నష్టం 13,700 కోట్ల డాలర్ల పైమాటే.

ఇదే రంగంలో ఒక విచిత్రం కూడా జరిగింది. ప్రపంచంలో గాలిమార్గాన వెళ్లే సరుకులో దాదాపు సగం ప్రయాణికుల విమానాల కడుపులోనే వెళ్లేది. ప్రయాణాలు ఆగేసరికి ఆ చోటంతా మాయమైంది. మాస్కులు, మందుల గిరాకీ మాత్రం ఆకాశాన్నంటింది. సరుకు రవాణా ధరలు ఎగబాకాయి. కొరియన్ ఎయిర్ ప్రయాణికుల విమానాలను కూడా సరుకుకు మళ్లించి, తోటి సంస్థలు కుదేలైన 2020లోనే నిర్వహణ లాభం చూపించింది. ఓడలు బళ్లవడం, బళ్లు ఓడలవడం ఒకే సంస్థ గోదాములో జరిగింది.

పాలు ఉన్నాయి, తాగేవాళ్లూ ఉన్నారు

ఆహార రంగం కథ వేరు. తినడం ఎవరూ మానలేదు. అయినా 2020 ఏప్రిల్‌లో అమెరికాలో పాలు నేలపాలయ్యాయి, అదే సమయంలో సూపర్‌మార్కెట్లు ఒక్కొక్కరికి ఇన్ని డబ్బాలే అని పరిమితి పెట్టాయి. ఇంత పొంతన లేని పని ఎలా జరిగిందంటే, కారణం ప్యాకింగ్. పాఠశాలలకు, హోటళ్లకు, కాఫీ దుకాణాలకు వెళ్లే పాలు ఒక రకం ప్లాంట్లో, పెద్ద సంచుల్లోనో చిన్న అట్టపెట్టెల్లోనో నిండుతాయి. ఇళ్లకు వెళ్లే గాలన్ డబ్బాలు నింపే యంత్రాలు ఇంకో ప్లాంట్లో ఉంటాయి. పాఠశాలలు, హోటళ్లు ఒకే వారంలో మూతపడ్డాయి. మొదటి ప్లాంటుకు పనిలేదు, రెండో ప్లాంటు అప్పటికే నిండుగా నడుస్తోంది. మధ్యలో ఆవు ఉంది. దానికి ఉత్తర్వులు తెలియవు, రోజూ పాలు పిండాల్సిందే. ట్యాంకర్ వెళ్లడానికి చోటు లేకపోతే ఆ పాలు గుంటలోకే పోతాయి.

టాయిలెట్ పేపర్ కొరతకు కొనేవాళ్ల కంగారొక్కటే కారణమని అప్పట్లో నవ్వుకున్నారు. కంగారు నిజమే, కానీ పూర్తి కథ కాదు. ఆఫీసుల్లో వాడే పెద్ద చుట్టలు, ఇంట్లో వాడే మెత్తని చుట్టలు వేర్వేరు మిల్లుల్లో తయారవుతాయి. జనం రోజంతా ఇంట్లోనే ఉంటే ఒకటి గుట్టలు పడుతుంది, ఇంకొకటి మాయమవుతుంది. బెల్జియంలో ఫ్రైస్ కోసం పండించిన బంగాళాదుంపలు 7,50,000 టన్నులు మిగిలిపోతే, వారానికి రెండుసార్లు ఫ్రైస్ తినండని పరిశ్రమ సంఘమే జనాన్ని వేడుకుంది.

మురిగిపోని సరుకుదీ ఒక దశలో అదే గతి. చమురు ఎన్నాళ్లయినా నిల్వ ఉంటుంది, తొట్టి ఖాళీగా ఉన్నంతకాలం. 2020 ఏప్రిల్ 20న అమెరికా డబ్ల్యూటీఐ రకం చమురు మే నెల కాంట్రాక్టు బ్యారెల్ మైనస్ 37.63 డాలర్ల దగ్గర ముగిసింది. ఆ కాంట్రాక్టు చేతిలో ఉన్నవాళ్లు ఒక్లహోమాలోని కుషింగ్‌లో సరుకు దించుకోవాలి. అక్కడి తొట్లలో మిగిలిన చోటంతా ముందే బుక్కయిపోయింది. గడువు మరునాడే. దాంతో తీసుకుపో, ఎదురు డబ్బిస్తా అనే పరిస్థితి వచ్చింది. చమురు విలువ సున్నా కన్నా కిందికి పడిందని చాలామంది రాశారు గానీ, నిజానికి ఆ రోజు ధర పలికింది చమురుకు కాదు, దాన్ని పోసుకునే చోటుకు.

దుస్తులు ఈ రెండింటి మధ్య రకం. చొక్కా కుళ్లదు, కానీ వసంతకాలపు ఫ్యాషన్ చలికాలంలో అమ్ముడుపోదు. పాశ్చాత్య దుకాణాలు మూతపడగానే పెద్ద బ్రాండ్లు బంగ్లాదేశ్ ఫ్యాక్టరీలకు ఇచ్చిన 300 కోట్ల డాలర్లకు పైగా ఆర్డర్లను రద్దు చేశాయి, లేదా వాయిదా వేశాయి. వాటిలో కుట్టు పూర్తయిన బట్టలూ ఉన్నాయి. ఆ వ్యాపారంలో గుడ్డ కొనడం, కుట్టించడం ఫ్యాక్టరీ డబ్బుతోనే సాగుతుంది. కొనేవాడు సరుకు అందాక చెల్లిస్తాడు. కాబట్టి మూతపడింది యూరప్‌లోని షోరూమ్ అయినా జీతం ఆగింది ఢాకాలో. తర్వాత విమర్శలు రేగి చాలా బ్రాండ్లు చెల్లిస్తామని ఒప్పుకున్నాయి. గొలుసులో ఎవరు బలహీనులో ఆ కొన్ని వారాల్లో తేటతెల్లమైపోయింది.

తప్పిన అంచనాల ఖరీదు

కారు వాయిదా వేయగలిగిన కొనుగోలు. ఈ ఏడాది కాకపోతే వచ్చే ఏడాది కొంటారు. పైన వేసుకున్న ప్రశ్న ప్రకారం కార్ల పరిశ్రమ తేలిగ్గా బయటపడాలి. పడలేదు, ఆ తప్పు చాలావరకు స్వయంకృతం. 2020 వసంతంలో అమ్మకాలు కుప్పకూలగానే కార్ల కంపెనీలు చిప్‌ల ఆర్డర్లు తెగ్గోసుకున్నాయి. ఇళ్ల నుంచి పని చేసేవాళ్లకు ల్యాప్‌టాప్‌లు, పిల్లలకు ట్యాబ్‌లు, గేమ్ కన్సోల్‌లు కావాల్సి రావడంతో చిప్ ఫ్యాక్టరీలు ఖాళీ అయిన చోటును అటు కేటాయించాయి. అనుకున్నదాని కన్నా ముందే కార్ల గిరాకీ తిరిగొచ్చింది. కంపెనీలు మళ్లీ వరుసలో నిలబడేసరికి వాళ్ల ముందు చాలామంది ఉన్నారు. ఒక చిప్ తయారై బయటికి రావడానికే కొన్ని నెలలు పడుతుంది.

ఫోర్డ్ కంపెనీ 2021లో చిప్‌లు లేక పూర్తికాని ట్రక్కులను కెంటకీలోని ఒక రేసు మైదానం ఆవరణలో వేల సంఖ్యలో నిలబెట్టింది. అన్నీ ఉన్నాయి, ఇంజిను సహా. లేనిది గోరంత సిలికాన్ ముక్క. అలిక్స్‌పార్ట్‌నర్స్ అనే కన్సల్టింగ్ సంస్థ అంచనా ప్రకారం ఆ ఏడాది ప్రపంచవ్యాప్తంగా 77 లక్షల వాహనాల ఉత్పత్తి, 21,000 కోట్ల డాలర్ల రాబడి పోయాయి. కొత్త కార్లు లేక అమెరికాలో పాత కార్ల ధరలు 2021 జూన్ నాటికి ఏడాదిలోనే 45 శాతం పెరిగాయి.

అద్దె కార్ల సంస్థ హెర్ట్జ్‌ది మరీ గమ్మత్తు. 2020 మే 22న దివాలా రక్షణ కోరింది, అప్పులు తీర్చడానికి కార్లను భారీగా అమ్మేసింది. మిగతా సంస్థలూ అదే బాట పట్టాయి. ఏడాది తిరిగేసరికి పర్యాటకులు వచ్చారు, కార్లు లేవు. హవాయి వెళ్లినవాళ్లు సామాన్లు మోసే ట్రక్కులను అద్దెకు తీసుకుని ఊరు చూశారు.

ఇంకో వైపు లాభపడ్డవాళ్లూ తాత్కాలికపు గాలిని శాశ్వతం అనుకున్నారు. జూమ్ సమావేశాల్లో రోజూ పాల్గొనేవాళ్లు 2019 డిసెంబరులో కోటి ఉంటే 2020 ఏప్రిల్‌కు 30 కోట్లయ్యారు. అమెజాన్ అమ్మకాలు 2020లో 38 శాతం పెరిగాయి. జిమ్‌లు మూతపడటంతో ఇంట్లో తొక్కే సైకిళ్లు అమ్మే పెలొటాన్‌కు అడిగినవాళ్లకు సరుకు అందించడమే గగనమైంది. ఆ ఊపులో 2021లో ఒహాయోలో 40 కోట్ల డాలర్లతో కొత్త ఫ్యాక్టరీకి పునాది వేసింది. 2022 ఫిబ్రవరి వచ్చేసరికి జిమ్‌లు తెరిచి ఉన్నాయి, ఫ్యాక్టరీ ఆలోచన మూలపడింది, దాదాపు 2,800 ఉద్యోగాలు పోయాయి. ఇలాంటి సైకిల్ ఒకసారి కొన్నవాడు ఏటా కొనడు. రెండు మూడేళ్లలో రావాల్సిన గిరాకీ ఒకే ఏడాది వచ్చేసింది, అంతే.

ఆసుపత్రుల విషయం చెప్పకుండా ఈ భాగం ముగించలేం. మహమ్మారి కాలంలో వైద్యరంగానికి చేతినిండా పని అనుకుంటాం. 2020 ఏప్రిల్‌లో అమెరికాలో ఒక్క వైద్యరంగంలోనే 14 లక్షల ఉద్యోగాలు తగ్గాయి. అందులో మూడో వంతు పైచిలుకు దంతవైద్యుల క్లినిక్‌లవి. మోకాలి మార్పిడి, కంటి శుక్లం, పంటి కట్టు లాంటివన్నీ వాయిదా పడ్డాయి. ఆసుపత్రుల రాబడిలో పెద్ద వాటా వాటిదే.

ఉత్తర్వు ఎంత, భయం ఎంత?

ఈ నష్టాలన్నీ ఆంక్షల ఖాతాలో వేయడం మామూలైపోయింది. ఇక్కడ కాస్త ఆగాలి. షికాగో విశ్వవిద్యాలయ ఆర్థికవేత్తలు ఆస్టన్ గూల్స్‌బీ, చాడ్ సైవర్సన్ మొబైల్ ఫోన్ల సమాచారంతో దుకాణాలకు వెళ్లేవాళ్ల రాకపోకలను లెక్కించారు. సరిహద్దుకు అటూ ఇటూ ఉండి, ఒక పక్క ఆంక్షలు ఉండి మరో పక్క లేని చోట్లను పోల్చారు. మొత్తం రాకపోకలు 60 శాతం పడిపోతే, అందులో ఉత్తర్వుల వల్ల పడింది 7 శాతం పాయింట్లే. మిగతాది జనం తమంతట తామే ఇంట్లో ఉండిపోవడం వల్ల. డెన్మార్క్, స్వీడన్ పోలికలోనూ ఇదే కనిపించింది. మొదటి దేశం గట్టిగా మూసింది, రెండోది చాలావరకు తెరిచే ఉంచింది. ఖర్చు డెన్మార్క్‌లో 29 శాతం, స్వీడన్‌లో 25 శాతం తగ్గింది.

అలాగని ఆంక్షలకు ప్రభావమే లేదనడం కూడా తొందరపాటే. ఈ అధ్యయనాలు తొలి నెలల్లో, సంపన్న దేశాల్లో, జనం రోజూ చేసే ఖర్చు మీద జరిగినవి. మాల్దీవులకు ఆ నాలుగు నెలల్లో పర్యాటకులు రాకపోవడానికి కారణం భయం కాదు, మూసిన సరిహద్దు. పైగా గూల్స్‌బీ, సైవర్సన్ లెక్కలోనే ఇంకో విషయం ఉంది. ఉత్తర్వులు వ్యాపారాన్ని పూర్తిగా ఆపలేదు, రెస్టారెంట్ల నుంచి కిరాణా వైపు, ‘అత్యవసరం కాని’ దుకాణాల నుంచి ‘అత్యవసర’ దుకాణాల వైపు మళ్లించాయి. మొత్తం చూసే ఆర్థికవేత్తకు అది చిన్న తేడా. తన దుకాణం ఏ జాబితాలో పడిందో చూసుకునే యజమానికి బతుకా, మూతా అన్నంత తేడా.

భయం వంతు పెద్దదైతే దాని నుంచి తేలేది ఒకటుంది. ఆంక్షలు ఎత్తేసినంత మాత్రాన జనం రారు. బ్రిటన్ ప్రభుత్వం 2020 ఆగస్టులో హోటల్ బిల్లులో సగం, మనిషికి 10 పౌండ్ల వరకు, తానే భరించి జనాన్ని బయటికి రప్పించాల్సి వచ్చింది.

రోజు కూలి

అన్నిటికంటే నిల్వ లేని సరుకు మనిషి పని. నిన్న చేయని కూలిని ఇవాళ అమ్ముకోలేరు. సంపన్న దేశాలు ఈ సంగతి గ్రహించి ఆ సరుకును తామే కొన్నాయి. బ్రిటన్ ఇంట్లో కూర్చున్న ఉద్యోగికి జీతంలో 80 శాతం, నెలకు 2,500 పౌండ్ల వరకు ఇచ్చింది. 2021 సెప్టెంబరులో ముగిసేసరికి ఆ పథకం 1.17 కోట్ల ఉద్యోగాలకు వర్తించింది, ఖర్చు 7,000 కోట్ల పౌండ్లు. జర్మనీ తన పాత కుర్జార్‌బైట్ పద్ధతిలో, పని గంటలు తగ్గించి జీతం నష్టంలో కొంత సర్కారే భరించేలా, సుమారు 60 లక్షల మందిని ఉద్యోగాల్లోనే నిలబెట్టింది. అమెరికా ఉద్యోగాలు పోనిచ్చి మనుషులకు డబ్బిచ్చే దారిలో ఎక్కువగా నడిచింది. 2020 ఏప్రిల్‌లో అక్కడ నిరుద్యోగం 14.7 శాతానికి చేరింది, నిరుద్యోగ భృతికి వారానికి 600 డాలర్లు కలిపింది.

ఇవన్నీ జీతం చిట్టాలో పేరున్నవాళ్లకే. పేరు లేనివాళ్లు ప్రపంచంలో సుమారు 200 కోట్ల మంది ఉన్నారు. సంక్షోభం మొదటి నెలలో అసంఘటిత కార్మికుల ఆదాయం 60 శాతం పడిపోయిందని అంతర్జాతీయ కార్మిక సంస్థ అంచనా. ఆ ఏడాది ఉపాధి పురుషుల్లో 3.9 శాతం తగ్గితే మహిళల్లో 5 శాతం తగ్గింది. హోటళ్లు, దుకాణాలు, ఇంటిపని లాంటి మహిళలు ఎక్కువగా ఉన్న పనులే ముందు ఆగాయి. బళ్లు మూతపడి పిల్లలు ఇంట్లో ఉంటే ఉద్యోగం మానుకున్నదీ ఎక్కువగా తల్లులే.

ఒక్క చోట మాత్రం అంచనాలు తలకిందులయ్యాయి. వలస కార్మికులు పంపే డబ్బు 20 శాతం పడిపోతుందని ప్రపంచ బ్యాంకు 2020 ఏప్రిల్‌లో చెప్పింది. ఏడాది చివరికి తగ్గింది 1.6 శాతమే. తాము కడుపు కట్టుకునైనా వాళ్లు ఇంటికి పంపడం మానలేదు.

ఇల్లు అలకగానే

మూయడానికి ఒక్క ఉత్తర్వు చాలింది. తెరుచుకోవడం అలా జరగలేదు. సముద్ర రవాణాలో ఇది బాగా కనిపించింది. ఇళ్లలో ఉన్నవాళ్లు ప్రయాణాలకు, హోటళ్లకు పెట్టే డబ్బును బల్లలకు, టీవీలకు మళ్లించారు. ఆసియా నుంచి నిండు కంటైనర్లు పశ్చిమ తీరాలకు చేరాయి. అక్కడ దించే మనుషులు, లారీలు చాలక ఖాళీ కంటైనర్లు తప్పుడు చోట పోగుపడ్డాయి. 2021 ఆగస్టులో ఒకే ఒక్క కోవిడ్ కేసుకు చైనాలోని నింగ్బో రేవులో ఒక టెర్మినల్‌నే మూసేశారు. అదే శరదృతువులో లాస్ ఏంజెలెస్, లాంగ్‌బీచ్ రేవుల ముందు పదుల కొద్దీ ఓడలు లంగరు వేసుకుని వంతు కోసం చూశాయి. మహమ్మారికి ముందు 1,500 డాలర్ల చుట్టుపక్కల ఉన్న 40 అడుగుల కంటైనర్ అద్దె 2021 సెప్టెంబరులో, నౌకా రవాణా సలహా సంస్థ డ్రూరీ సూచీ ప్రకారం 10,000 డాలర్లు దాటింది. ఆ అద్దె ప్రతి వస్తువు ధరలోనూ చేరింది. 2022 జూన్‌లో అమెరికాలో ద్రవ్యోల్బణం 9.1 శాతానికి ఎగబాకడానికి ఇంధనం, ఉక్రెయిన్ యుద్ధం, ప్రభుత్వాలు పంచిన డబ్బుతో పాటు ఈ చిక్కుముడి కూడా కారణం.

విమానాశ్రయాలదీ అదే అనుభవం. తీసేసిన సామాన్ల కూలీలు, భద్రతా సిబ్బంది వేరే పనులు చూసుకున్నారు. కొత్తవాళ్లకు నేపథ్య తనిఖీ, శిక్షణ పూర్తవడానికి నెలలు పట్టింది. 2022 జులైలో హీత్రో విమానాశ్రయం రోజుకు లక్ష మందికి మించి ప్రయాణికులను పంపలేమని విమానయాన సంస్థలకు పరిమితి పెట్టింది. రెండేళ్ల క్రితం సీటు ఖాళీ, ఇప్పుడు సీటు నిండినా ఎక్కించే దిక్కు లేదు.

చైనాలో ఆంక్షలు అప్పటికీ వీడలేదు. 2022 ఏప్రిల్‌లో షాంఘై పూర్తిగా ఇళ్లలో బందీ అయింది. అంతకు ముందు ఏడాది అదే నెలలో 26,000కు పైగా కార్లు అమ్మిన ఆ నగరంలో ఈసారి అమ్మకాలు సున్నా అని అక్కడి డీలర్ల సంఘం ప్రకటించింది. జూన్‌లో నగరం తెరుచుకున్నాక ఆ కొనుగోళ్లు చాలావరకు తిరిగొచ్చాయి. కారు ఆగగలిగిన సరుకు కాబట్టి.

సినిమా హాళ్లకు ఆ సౌకర్యం లేదు. 2019లో 4,230 కోట్ల డాలర్లున్న ప్రపంచ బాక్సాఫీసు 2020లో 1,200 కోట్లకు పడింది. అన్ని హాళ్లూ తెరిచిన 2023లోనూ 3,400 కోట్ల దగ్గరే నిలిచింది. మధ్యలో ఒక ఒప్పందం జరిగింది. అమెరికాలో హాల్లో విడుదలైన సినిమా ఇంటి తెరకు రావడానికి సుమారు రెండున్నర, మూడు నెలలు ఆగడం అప్పటిదాకా ఆనవాయితీ. హాళ్లు మూతపడి ఉన్న 2020 జులైలో అతి పెద్ద హాళ్ల గొలుసు ఏఎంసీ, స్టూడియో యూనివర్సల్ ఆ గడువును 17 రోజులకు కుదించుకున్నాయి. మిగతా స్టూడియోలూ తమ గడువులు తగ్గించుకున్నాయి. హాళ్లకు వేసిన తాళాలు ఎప్పుడో తీశారు, పాత గడువు మాత్రం తిరిగి రాలేదు.